రెండు బిరడాలు

అరవైల చివర్లో ఒక మధ్యాహ్నం. చీపురుపల్లి స్టేషన్లో పాసింజరు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన కళింగపట్నం వైపు జాలరి. ఓడ ఇంజను గదుల్లో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చాడట. సంచిలోంచి చిన్న రేకుడబ్బా తీసి మూత తెరిచాడు. లోపల రెండు సీసా బిరడాలున్నాయి.

"ఇది బోర్డోది, అది పోర్టోది. ఆ రేవులు రెంటికీ ఎర్ర వైనుకే పేరు బావూ. అక్కడ తెల్లదీ ఉన్నాదని పైవోళ్ళకి తెలీదు. ఈ రెండూ తెల్లదాని సీసాలివే. ఏటి వాసనొస్తాదో సూసి సెప్పు."

నేను వైను కంటితో కూడా చూసినవాణ్ణి కాదు. మొదటి బిరడాకి ముందు రేకు వాసనే తగిలింది. కాస్త ఆగితే లోపలెక్కడి నుంచో ఇంకొకటి లేచి వచ్చింది.

"నిమ్మాకు నలిపినట్టున్నాది మావా. తొలివాన పడ్డ ఇసక లాగ కూడా."

రెండోది అసలు వేరు. వేయించిన జీడిపప్పు, దాని అడుగున తేనె. చెబుతుంటే ఆయన కళ్ళు మూసుకుని, నోట్లో ఏదో ఉన్నట్టు చప్పరించాడు.

"నువ్వు సూసుకోవేటి?" అన్నాను.

"ఇంజను పొగకి నా ముక్కు పోనాది. మాది ఎండుసేపల ఇల్లు, మావోళ్ళకి ఉప్పు తప్ప ఏటీ తగల్దు. అందుకే దారిలో దొరికినోళ్ళని అడుగుతాను."

రైలొచ్చింది. ఆయన మూత గట్టిగా బిగించి, "అయితే వాసన ఇంకా ఉన్నాది," అన్నాడు, నాతో కాదు.

ఆ రెండు వైన్లూ నేనిప్పటికీ తాగలేదు. వాటి తేడా మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను.