ఎర్ర సిరాతో కొట్టేసిన మాట

కంకిపాడుకు రెండు మైళ్ల దూరంలోని ఒక పల్లె. అక్కడి ఆర్సీయం క్రైస్తవ మిషను బడిలో జీవరత్నం టీచరు దగ్గర చదివిన పిల్లల నోట తప్పు మాట రాదని చుట్టుపక్కల పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ పుట్టింది చల్లపల్లి పక్కన కూలివాళ్ల పేటలో. ట్రైనింగు స్కూల్లో తోటి ఆడపిల్లలు తన మాటకు నవ్వితే, ఒక్కొక్క మాటే నోట్లోంచి ఏరి పారేసుకుంది. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు తల్లి శౌరమ్మ మాటలు కూడా దిద్దింది. కూతురు టీచరు కాబోతోందన్న మురిపెంలో శౌరమ్మ మారుమాట్లాడకుండా దిద్దించుకుంది.

పందొమ్మిది వందల డెబ్బై అయిదో సంవత్సరం, ఒంటిపూట బడుల రోజులు. హెడ్మాస్టరు సొలొమోను గారు ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని తరగతిలోకి వచ్చారు.

"టీచరమ్మా, వీరిది మారిషస్. హైదరాబాదులో తెలుగు సభలకొచ్చి, ముత్తాత ఊరు వెతుక్కుంటా ఇటొచ్చారు. ఆయన ఓడెక్కిన నాటి కాగితం మీద బెజవాడ తాలూకా అని ఉందంతే, ఊరి పేరు లేదు. తెలుగు సంగతేదో అడుగుతున్నారండీ. నాకన్నా మీరే నయం."

ఆయన పేరు వెంకటాపా. చెరకు తోటల్లో కూలికి పోయిన ముత్తాత వెంకటప్పయ్య పేరు ఓడ దిగినచోట దొరల రాతలో అలా తయారై, ఇంటిపేరై కూర్చుంది. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం చెరకు నరికిన చేతులు.

గోడ మీది పటంలో మారిషస్‌ను వెతకడానికి పిల్లలకు చాలాసేపే పట్టింది.

"ఇది దేశమా టీచర్, సిరా చుక్కా?" అంది ఒక పిల్ల.

ఆయన పకపకా నవ్వాడు. "సుక్కే తల్లీ. ఏ గుట్టెక్కినా సముద్రం కనపడతది."

అక్కడ అందరూ మాట్లాడేది క్రియోల్ అనే భాష అనీ, తెలుగు ఇళ్లల్లో ముసలివాళ్ల నోట మాత్రమే మిగిలిందనీ, తాను సాయంత్రాలు పిల్లలను పోగేసి అక్షరాలు నేర్పుతాననీ చెప్పాడు. చెరకు తోటల మధ్య ఇళ్లంత ఎత్తున నల్లరాళ్ల గుట్టలుంటాయట. నేలంతా రాళ్లే అయితే తాతలు చేతులతో ఏరి పోసినవి. అది చెప్పి, బడి వెనక చేలోకి దిగి మట్టిపెళ్ల ఒకటి తీసి చేతిలో చిదిపాడు.

"ఒక్క రాయి లేదే! ఇంత మెత్తని నేల వదిలి ఎందుకు పోయారమ్మా మావాళ్లు?"

జీవరత్నానికి జవాబు తెలుసు. సెంటు సొంత నేల లేని కూలివాళ్ల పేటలోనే పుట్టింది. భోజనానికి వేళయిందంటూ ఇంటికి దారితీసింది.

మధ్యాహ్నం టీచరుగారింట్లోనే వంట. బడి ఆయా ఆదెమ్మ నీళ్లు తెచ్చి పెట్టింది. వెంకటాపా విస్తరి ముందు కూర్చోకుండా ఆమె వైపు తిరిగి, "నువ్వు కూడు తిన్నావా అమ్మా?" అన్నాడు.

ఆదెమ్మ మొహం విప్పారింది. "తింటానయ్యా, ముందు తమరు కానియ్యండి."

ఇన్నేళ్లలో ఆ మాట ఆదెమ్మను అడిగినవాళ్లు లేరని జీవరత్నానికి అప్పుడు తట్టలేదు. తట్టింది ఒకటే, ఆ మాట మోటుగా ఉందని. నవ్వేసింది.

"కూడు అనకూడదండీ. వింటే ఎవరైనా తిట్టారనుకుంటారు. భోజనం చేశారా అనాలి."

"మా అమ్మ అట్టనే అంటదే," అన్నాడాయన. ఆ పైన సంచిలోంచి గళ్ల అట్ట నోటుబుక్కు తీశాడు. తల్లి నోట విన్న మాటలు రెండు వందల పైచిలుకు రాసుకొచ్చాడు. "సరిగా ఉండయా? నువ్వు చూడమ్మా. పిల్లలకు చెప్పాల."

ఎండ చల్లబడేదాకా జీవరత్నం కదలకుండా కూర్చుని దిద్దింది. ఎంత శ్రద్ధగా దిద్దిందని! కూడు కొట్టేసి భోజనము. మాపటేళ కొట్టేసి సాయంకాలము. సుట్టం కొట్టేసి బంధువు. పేజీలన్నీ ఎర్రబడ్డాయి. ఆయన పుస్తకాన్ని కళ్లకద్దుకున్నాడు. ముత్తాత ఊరు దొరకలేదు గానీ గురువు దొరికిందన్నాడు. బస్సెక్కేటప్పుడు ఆదెమ్మ దారికి కాసిని వేయించిన మినుములు మూటగట్టి ఇచ్చింది.

ఏడాది తిరగకముందే ఉత్తరం వచ్చింది. అచ్చు తాను నేర్పిన భాషే.

"టీచరుగారికి నమస్కారములు. తమరు దిద్దిన పుస్తకము ప్రకారము బోధించుచున్నాను. మా తల్లిగారు కూడు అనినప్పుడు పిల్లలు భోజనమని దిద్దుచున్నారు. అందుచేత ఆమె తెలుగు మాట్లాడుట మానినది. క్రియోల్ మాత్రమే మాట్లాడుచున్నది. ఆమెకు ఎనుబది ఎనిమిదేండ్లు. పిల్లల తెలుగు మాత్రము చాలా శుద్ధముగానున్నది. అంతయు తమ దయ."

ఎత్తిపొడుపేమో అని మళ్లీ చదివింది. కాదు, నిజంగానే సంతోషించి రాశాడు. అదే ఆవిడకు ఇంకా కష్టమనిపించింది. నూరేళ్లపాటు, అంత సముద్రానికి అవతల, ఒక కూలి ఇల్లు కాపాడుకున్న మాటలు. ఒక్క మధ్యాహ్నంలో తన చేత్తో కొట్టేసింది.

ఆదివారం గుడిలో పాపసంకీర్తనానికి ఫాదరుగారి ముందు మోకరించి, చేసిన తప్పు చెప్పుకుంది. "దిద్దడం పాపమెట్లా అవుతుందమ్మా, అది నీ ఉద్యోగం," అన్నారు ఫాదరుగారు మెత్తగా. బరువు మాత్రం తీరలేదు.

ఆ సాయంత్రమే జవాబు రాసింది. తప్పు మీ అమ్మగారిది కాదు, నాది. ఆవిడ మాటలే మాటలు. నేను కొట్టేసినవన్నీ మళ్లీ రాయండి. ఆవిడ పక్కన కూర్చుని, కూడు తిన్నావా అమ్మా అని నా తరఫున అడగండి.

మూడు నెలలకు రెండే వాక్యాలు వచ్చాయి. "తమ ఉత్తరము మా తల్లిగారికి చదివి, తమరు చెప్పినట్లే అడిగితిని. ఆమె నవ్వి, తిన్నానని క్రియోల్‌లో చెప్పినది."

జీవరత్నం ఆ శనివారం బడి వదలగానే చల్లపల్లి బస్సెక్కింది. శౌరమ్మ గుమ్మంలో చేట పట్టుకుని బియ్యం ఏరుతోంది. జీవరత్నం చెప్పులు విడిచి, తల్లి పక్కన నేల మీదే చతికిలబడింది. ఇరవై ఏళ్లుగా నోట్లోకి రానివ్వని మాట. పలకబోతే నాలుక తిరగలేదు.

"అమ్మా... ఆకలేస్తోంది. కూడు పెట్టవే."

శౌరమ్మ గతుక్కుమని చేట దించింది. ఎవరైనా విన్నారేమోనని వీధి వైపు చూసింది.

"అదేం మాటే, టీచరమ్మవయ్యుండి! భోజనం అనాల," అంది. కూతురు మొహంలోకి చూసి, మెప్పు కోసం ఎదురుచూస్తున్నట్టు నవ్వింది. "నువ్వు సెప్పిందేగా. మర్సిపోలేదు సూడు."