ఎండ దాచుకున్న గోళీ

మందుల షాపాయన విటమిన్ డి గోళీల అట్ట ఎవరికిచ్చినా ముందు వెలుతురుకెత్తి చూస్తాడు. పసుప్పచ్చటి గోళీలు చిటికెడు ఎండ దాచుకున్నట్టు మెరుస్తాయి. "వీటితో వైరల్ జ్వరం తగ్గుతుందా?" అని అడిగితే కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "డాక్టర్లే ఇంకా తేల్చలేదమ్మా. నన్ను మాటివ్వమంటే ఎలా?" అని కుండబద్దలు కొట్టేస్తాడు. బేరం వెనక్కిపోయినా సరే. మొన్న భార్య జ్వరంతో మంచం పట్టింది. డాక్టరు రాసిన మందులతో పాటు ఆ గోళీ ఒకటి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె అచ్చం ఆయనలాగే దాన్ని కిటికీ వైపు ఎత్తి, కలలో ఉన్నట్టు చాలాసేపు చూసింది. "నిజం చెప్పండి, ఇది పనిచేస్తుందా?" ఆయన చెయ్యి అలవాటుగా కళ్లజోడు దాకా వెళ్లి ఆగిపోయింది.

"చేస్తుంది," అన్నాడు, కిటికీలోంచి పడుతున్న ఎండ కేసి చూస్తూ.