టైలరు గారి వేలు ఎక్కడుంది?

నలభై ఏళ్ళు కత్తెర పట్టిన టైలరు తేల్చుకున్నది ఒకటే: తన ఒంటి గురించి మనిషి చెప్పే మాట నమ్మకూడదు. "నా నడుం ముప్పైనాలుగే, కొలవక్కర్లేదు" అని గీరపోయేవాళ్ళకు మారుమాటాడకుండా టేపు చుట్టి, ముప్పైఎనిమిదికి కత్తిరించి, కుట్టు లోపల మరో రెండంగుళాల బట్ట వదిలేవాడు. కొలతల పుస్తకంలో మాత్రం వాళ్ళు చెప్పిన అంకే రాసేవాడు. ఎవరి మర్యాద వాళ్ళది.

అలాంటి మనిషికి పక్షవాతం వచ్చింది. ఆర్నెల్లకు ఎడమచేతి వేళ్ళు కదిలాయి గానీ స్పర్శ మందగించింది. కళ్ళతో చూస్తే తప్ప ఆ చెయ్యి ఎక్కడుందో తెలియదు. తెలుసనే అనుకునేవాడు, అదీ గొడవ. భార్య కత్తెరను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఆసుపత్రి అమ్మాయి సరేనంటేనే ఇస్తా. అప్పటిదాకా నన్నడక్కండి."

ఆ అమ్మాయి, మెదడు ఒంటిని ఎలా గుర్తుపడుతుందో పరిశోధిస్తోంది. ఆయన ఎడమచేతిని ఒక మూతపెట్టెలో పెట్టించి, "బాబాయ్ గారూ, మీ నడిమివేలు కొస ఎక్కడుందో మూత మీద గీత పెట్టండి" అంది.

"ఇదేం పరీక్షమ్మా, నా వేలు నాకు తెలీదా?" అంటూ దర్జాగా గీశాడు. మూత తీస్తే వేలు నాలుగంగుళాల అవతలుంది. ముప్పైనాలుగు నడుం వాళ్ళంతా వరసగా నిలబడి నవ్వినట్టయింది ఆయనకు.

మూడు వారాలు ఏవో కొత్త వ్యాయామాలు చేయించినా అదే తంతు. నాలుగో వారం బుర్ర వెలిగింది. మోచెయ్యి పెట్టె బయటే ఉంది కదా! మోచెయ్యి నుంచి వేలికొస దాకా తన మూర ఎంతో ఇంట్లో టేపు పెట్టి చూసుకున్నాడు. పద్దెనిమిదిన్నర. ఆసుపత్రిలో మోచెయ్యి నుంచి అంత దూరం కంటితోనే లెక్కగట్టి గీత పెట్టాడు. తేడా సున్నా! అమ్మాయి సంబరపడిపోయింది. పెద్ద డాక్టరు వచ్చి భుజం తట్టాడు. కొత్త వ్యాయామం బ్రహ్మాండంగా పనిచేస్తోందని రాసుకున్నారు. ఇంట్లో బీరువా తెరుచుకుంది.

మర్నాడు పొద్దున్నే బల్ల మీద బట్ట పరిచి, ఎడమచేత్తో అదిమి, చూపు సుద్దగీత మీదే నిలిపి కత్తెర ఆడించాడు. మడత కింద ఏదో గట్టిగా అడ్డుపడింది. అట్టముక్కేమో అనుకుని ఇంకాస్త నొక్కబోయాడు. భార్య కెవ్వున అరిచింది. అది మడత కిందికి జారిన ఆయన చూపుడువేలు.

బట్ట మడత అడ్డుండబట్టి రక్తం రాలేదు. కానీ ఆయన భయపడిపోయాడు. జన్మలో అంత భయం ఎరగడు. కత్తెరను తనే బీరువాలో పెట్టి, తాళంచెవి ఆమె చేతికిచ్చాడు.

"అమ్మా, నేను మోచెయ్యి చూసి కొలిచాను. ఆ సున్నా కొట్టెయ్" అన్నాడు ఆసుపత్రిలో.

అమ్మాయి మొహం వాడిపోయింది. సున్నా కొట్టేసి, ఆయన మోచేతి మీద తువ్వాలు కప్పి, మళ్ళీ మొదటి నుంచి అడిగింది. "వేలు ఎక్కడుంది?"

ఆయన ఈసారి గీత పెట్టలేదు.

"తెలీదమ్మా. నువ్వే కొలిచి చెప్పు."