రెండు బస్తాల మట్టి

మొన్న బాల్కనీలో తొట్టె నింపుదామని కొనుక్కొచ్చిన మట్టి సంచి కత్తిరించాను. నల్లగా, పొడిపొడిగా, ఎంతో శుభ్రంగా ఉంది గాని, ముక్కు దగ్గర పెట్టుకున్నా వాసనన్నదే లేదు. మట్టికి వాసన లేకపోవడమేమిటని ఒళ్ళు మండింది. చిన్నప్పుడు ఆ వాసన భరించలేకే కదా మా మామ్మతో రోజూ పోట్లాడాను!

నాన్న బెంగాల్లో, లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టరు వెనక చారెడు నేల ఉండేది. ఆషాఢం నుంచి దసరా దాకా అందులో చీలమండ లోతు నీళ్ళు నిలిచేవి. తాత పోయాక శ్రీకాకుళం దగ్గర ఉన్న అరెకరమూ పెదనాన్నలు పంచేసుకుంటే, ట్రంకుపెట్టె, బైబిలు పట్టుకుని మా దగ్గరికొచ్చేసిన మామ్మకి ఆ చిత్తడిని ఊరికే చూస్తూ కూర్చోవడం చేతకాలేదు. విరిగిన ఇటుకలు ఏరించి మోకాలెత్తున రెండు మళ్ళు కట్టించింది. అరటి బోదెలు, కొబ్బరి పీచు, పేడ, బూడిద, చెరువులోంచి లాగిన గుర్రపుడెక్క, అన్నిటికన్నా ఘోరంగా చేపల పొలుసులూ పేగులూ, అన్నీ పొరలు పొరలుగా ఆ మళ్ళలోకి వెళ్ళవలసిందే. వారం వారం డబ్బా పట్టుకుని చేపలవాడి ముందు నిలబడవలసింది నేను. స్కూలు స్నేహితురాళ్ళు ఎదురైతే డబ్బాని వెనక దాచుకునేదాన్ని గాని, వాసనని ఎక్కడ దాచుకోను?

"ఏటే, ముక్కు మూసుకుంటే మొక్క మొలుస్తాదేటి? ఒత్తుగా పరుచు" అనేది మామ్మ.

పందిరి మీద బీర, దాని నీడన తోటకూర, ఎండ పడేవైపు వంగ, వంగ మధ్యన మిరప, అంచు వెంట ఉల్లి, చలికాలం రాగానే సందుల్లో కొత్తిమీర. బెత్తెడు ఖాళీ కనిపిస్తే చాలు, ఆవిడ ప్రాణం ఊరుకునేది కాదు. తీరా కాపు వచ్చాక లేత బీరకాయలు పక్కింటి బెంగాలీ మాసిమాకి వెళ్ళేవి. కంపు కంపని రోజూ గొణుగుతూ కిటికీ వేసుకునే మనిషి ఆవిడే! మాకేమో ముదురు కాయలూ, బీరపొట్టు పచ్చడీ.

నాకు పదమూడేళ్ళప్పుడు, ఏటేటా ఇంట్లోకొచ్చే వాననీళ్ళు తోడలేక అమ్మ గట్టిగా పట్టుబట్టింది. నాన్న రెండు వీధుల అవతల ఒక మేడమీద వాటా అద్దెకి తీసుకున్నారు. సామానంతా రిక్షాబండి ఎక్కింది గాని మామ్మ మడి గట్టు మీంచి లేవలేదు.

"క్వార్టరు రైలోళ్ళది. మట్టి నాది" అంది.

"మట్టికేటి కరువమ్మా? ఎక్కడ తవ్వితే అక్కడుంది!" అని అరిచారు నాన్న.

"తవ్వుకున్నది కాదురా ఇది. నేను సేసుకున్నది."

బండివాడు బీడీ ముట్టించి కూర్చున్నాడు. అమ్మ ఒకసారి, నాన్న ఒకసారి బతిమాలారు, కోప్పడ్డారు. చివరికి నాన్న రెండు బస్తాలు ఆవిడ ముందు పడేసి, "మూడోది కనబడిందంటే నేనిక్కడే ఉండిపోతాను" అన్నారు. మామ్మ పైపైన తవ్వలేదు, పైనుంచి అడుగు దాకా అన్ని పొరలూ వచ్చేలా నిలువునా కోసి నింపుకుంది. మిగతాది తీసుకోమని మాసిమాకి కబురు పంపితే, ఆవిడ రెండు బకెట్లతో పరుగున వచ్చింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

కొత్తింటి గుమ్మంలో ఇంటిగలాయన బస్తాలు తట్టి, "ఎతే కీ?" అని, ఇందులో ఏమిటని, బెంగాలీలో అడిగాడు. మళ్ళీ ఏం గొడవొస్తుందోనని నేను గబుక్కున "చాల్" అన్నాను, బియ్యమని. నా వెనకనుంచి మామ్మ నిదానంగా "మాటీ" అంది. నాన్న తల పట్టుకున్నారు.

"మట్టికి అబద్ధమెందుకే?" అని పైగా నాకే మామ్మ చివాట్లు!

మేడ మీదికి మట్టి ఎక్కించనివ్వనన్నాడాయన. బస్తాలు గోడ బయట, కాలువ పక్కన దిగిపోయాయి. అమ్మయ్య, పీడ వదిలిందనుకున్నాను. మర్నాడు పొద్దున్నే గోడ వెంట ఇటుకలు పేరుస్తూ మామ్మ నన్ను కేకేసింది.

ఆ వానాకాలానికే బీరతీగ ఇంటిగలాయన కిటికీ ఊచలెక్కింది. దారిన పోయేవాళ్ళు మిరపకాయలు తుంపుకుపోతుంటే నేను మేడమీంచి అరిచేదాన్ని. "తిననీయే" అనేది మామ్మ. ఒకనాడు ఎవరూ చూడటంలేదనుకుని ఇంటిగలాయన చెంబుతో ఆ మొక్కలకి నీళ్ళు పోస్తుండగా చూశాను. చెబితే మామ్మ ఆశ్చర్యపోలేదు. "రోజూ పోస్తాడు" అంది.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆ గోడ వెంట ఇప్పుడు సిమెంటు పోసి స్కూటర్లు నిలుపుతున్నారు. వాసన లేని ఆ మట్టి పక్కన పెట్టి, నేనే పొరలు వేద్దామని పీచు, పేడ, బూడిద తెప్పించి తొట్టె ముందు చతికిలపడ్డాను. బూడిద పేడకి కిందా, పైనా? చేప పొలుసు ఎంత లోతున? అడుగుదామంటే ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి ఆ పొరలు పరిచింది ఈ చేతులే. మొహం మాత్రం ఎప్పుడూ పక్కకి తిప్పుకునే ఉన్నాను.