ఆ పెట్టె ఎందుకు ఆగేదంటే

శుక్రవారం పొద్దున దీపం పెట్టి లేస్తుంటే, మా కంప్యూటర్ సారు గుండె ఆగి పోయారని కబురు వచ్చింది. నేను ఎవరి మీదా గొంతు పెంచి ఎరుగను. కానీ ఆయన తనది కాని చెడ్డపేరు మోసుకుంటూ పోయారు. నిజం తెలిసీ నోరు మూసుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

లక్సెట్టిపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో నేను పేర్లు రాసుకుంటాను. మిషన్ ఇచ్చిన అంకెలను మనిషి పేరుతో కలిపి చీటీ అచ్చువేసే పెట్టెను, బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మా సారే తయారుచేశారు. అప్పుడప్పుడు అది ఎర్ర లైటు వేసి ఆగిపోయేది. యజమాని విసుక్కునేవాడు. సారు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీస్తూ, "దాని పని అది చేసింది పాపం" అనేవారు.

ఎందుకు ఆగుతుందని ఒకసారి అడిగాను.

"లోపట పేర్లకొక జాగ, అంకెలకొక జాగ ఉంటది చెల్లె. ప్రోగ్రాంల ఒక ముక్క ఇంకోదాని జాగల చెయ్యి పెడితే ప్రాసెసర్ పట్టుకుంటది. చదివే హక్కుందా, రాసే హక్కుందా అని ప్రతిసారి చూస్తది. లేకుంటే ఆడ్నే ఆపేస్తది. పొరపాటైనా, దొంగతనమైనా దానికి ఒక్కటే."

"గర్భగుడి లెక్కనా సారు? అందరం చూడొచ్చు, పూజారే ముట్టాలె."

"ఇన్నేండ్లు పిల్లలకు చెప్పిన, గింత సక్కగ నాకే రాలే!" అని పకపకా నవ్వారు.

ఒకరోజు యజమాని అన్నాడు: "జనం లైన్ల నిలవడ్డరు సారు. పెట్టెను ఆపే గా కాపలా తీసెయ్‌రాదు?"

"తీస్తే పెట్టె ఆగది సేటు, తప్పు కూడ ఆగది. రెండు రోజులియ్యి, తప్పు యాడుందో దేవులాడి పట్టుకుంట."

ఇవ్వలేదు. వేరే మనిషిని పిలిపించి కాపలా తీయించాడు. పెట్టె మళ్లీ ఆగలేదు. నెల తిరగకముందే ఒక అవ్వ చీటీలో ఇంకెవరిదో షుగర్ అంకె పడింది. దాన్ని చూసి డాక్టరు ఇచ్చిన మాత్రలు మింగి ఆమె చేనుగట్టు మీద పడిపోయింది. ఎలాగో బతికింది. ముసలాయన ప్రోగ్రామే ముంచిందని యజమాని ఊరంతా చెప్పాడు.

"ప్రోగ్రాంల తప్పు నాదే. ఆపేదాన్ని తీసింది నేను గాదు" అని సారు నా వైపు చూశారు. నేను చీటీలు సర్దుకున్నాను. నా ఉద్యోగం నాకు ముఖ్యమైంది! ఆ తరువాత ఆయనను ఎవరూ పనికి పిలవలేదు.

చావింటికి యజమాని ల్యాబు పేరున్న రిబ్బన్‌తో పెద్ద బంతిపూల దండ తెచ్చి శవం మీద వేశాడు. "మంచోడే. జర చెయ్యి తప్పిండు, గంతే."

"కాపలా తీపిచ్చింది నువ్వు సేటు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"గిప్పుడు గివన్ని ఎందుకమ్మా?"

"గిప్పుడన్న చెప్పకుంటే నేను మనిషినే గాను."

సారు బిడ్డ తలెత్తింది. "నిజమా అత్తా?"

అవునన్నాను. ఆమె లేచి, తండ్రి గుండెల మీది దండ తీసి వాకిట్లోకి విసిరేసింది.

పాడె కదిలేసరికి ఎవరిదో మేక ఆ బంతిపూలు నములుతోంది. రిబ్బన్‌ను మాత్రం మూతితో పక్కకు నెట్టేసింది.