చారులత చుట్టరికాలు

చారులతకు ఒక్కటే జబ్బు. ఎదుటి మనిషి తనకు ఏమవుతారో తేలేదాకా చెయ్యి వెయ్యదు. మదురైలో కంటి పరీక్షల చదువు చదివే పిల్లకు ఇది చిన్న జబ్బు కాదు. రోగుల వరస వీధి దాకా సాగుతున్నా ఈవిడ టార్చి చేతబట్టుకుని, "మీది ఏ ఊరు? ఇంటిపేరు ఏమి? అట్లయితే నాకు చిన్నాయన కావాల" అంటూ కూర్చుంటుంది. పక్క కుర్చీలో కృత్తిక ఆలోగా ముగ్గుర్ని చూసి పంపించేసి, పళ్లు నూరుకుంటూ ఉంటుంది.

కృత్తికది తిరుమంగళం, చారులతది ఉడుమలైపేట దగ్గర పల్లె. ఇద్దరూ చదివింది అరవం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కాలేజీలో పోట్లాడుకోవడానికి ఆ తెలుగు బాగా పనికొచ్చేది.

చుట్టరికాల్లో చారులతకు ఒక కట్టుబాటుంది. పెళ్లికాని కొడుకున్న మనిషిని చచ్చినా మామా అనదు, అత్తా అనదు. అంటే ఆ కొడుకు బావ అయి కూర్చుంటాడు! డాక్టర్ పళనివేల్ గారిని మొదట్లో మామ అనేది. ఆయనకు కోయంబత్తూరులో పెళ్లికాని కొడుకున్నాడని తెలిసిన రోజున, నడవాలోనే ఆయన్ని చిన్నాయనగా మార్చేసింది. తనకు తెలియని అన్న ఎవరైనా ఉన్నాడేమోనని పాపం ఆయన ఇంటికెళ్లి ఆరా తీశాడట.

ఆ పళనివేల్ గారే నిరుడు ఆఖరి ఏడాది పిల్లల్ని నేపాల్ కొండల్లో కంటి క్యాంపుకు తీసుకెళ్లాడు.

"ఆడ నీకు ఎవురే సొంతక్కారు, చుట్టాలు ఉండేది?" అంది కృత్తిక రైల్లో.

"పొయ్యి చూస్తే గదా తెలిసేది!"

చూసింది. దిగిన రోజే ఇద్దరు తాతలు, ఒక పెద్దమ్మ, లెక్కలేనంత మంది అక్కలు తేలారు. ఇంటిపేరు కలవకపోతే ముక్కుపుడక కలిసిందంటుంది. అదీ లేకపోతే నవ్వు కలిసిందంటుంది.

క్యాంపు ముగిసే ముందు ఒక ముసలమ్మ వచ్చింది. రెండు కళ్లలోనూ పొర ముదిరింది. ముందు ఒక కంటికైనా మర్నాడు ఆపరేషన్ చేయాలి. ఆమె ససేమిరా అంది. కట్టు కట్టాక పక్కన కూర్చోవడానికి తనకెవరూ లేరట. ఇప్పుడు వెళ్లిపోతే ఉన్న మసక చూపు కూడా పోతుంది. కృత్తిక నచ్చజెప్పింది, అక్కడి నర్సు నచ్చజెప్పింది. ముసలమ్మ కర్ర అందుకుంది.

"ఉండత్తా! యాడికి పోయేది? నేను కూచుంటా గదా!" అంటూ చారులత చెయ్యి పట్టుకుంది.

"అత్త అంటే?" అని నర్సు ఇంగ్లీషులో అడిగింది.

"నాన్న చెల్లెలు. మొగుడి తల్లి కూడా. మాకు రెంటికీ ఒకటే మాట," అంది చారులత.

వాళ్ల భాషలో రెంటికీ వేరువేరు మాటలున్నాయి. నర్సు రెండోది ఎంచుకుని ముసలమ్మకు చెప్పి, ఆ సంగతి వీళ్లకూ చెప్పింది. ముసలమ్మ ఆగి, చారులత చేతిగాజులు తడిమి చూసి, ఆపరేషన్‌కు ఒప్పుకుంది.

"నిన్ను కోడలని చెప్పేసిందే! కొడుకుండాడా అని అడిగినావా?" అంది కృత్తిక సంబరంగా.

చారులత ముఖం పాలిపోయింది. "అయ్యయ్యో, మరిచిపోతినే!"

అయినా ఆపరేషన్ అయ్యాక మంచం వదల్లేదు. నీళ్లిచ్చినా, దుప్పటి సర్దినా ముందు "అత్తా, నేనే" అనేది.

"ఆమెకు తెలుగు తెలీదు గదే. ఊరికే ఏల అరుస్తావు?" అంది కృత్తిక.

"కట్టు కట్టుంటే ముట్టేది ఎవురని తెలీదు గదా. ఎవురిదో చెయ్యి వచ్చి మీద పడితే పయం గాదా? గొంతు విని, సొంత మనిషి చెయ్యి అనుకుంటే పయం ఉండదు."

మదురైలో చుక్కల మందుతో కళ్లు మసకబారిన వాళ్లంతా తన కుర్చీ ఖాళీగా ఉన్నా చారులత వరసలోనే ఎందుకు నిలబడతారో కృత్తికకు అప్పుడు తెలిసింది. కొంచెం సిగ్గేసింది.

పొద్దున కట్టు విప్పారు. ముసలమ్మ చారులతను తేరిపార చూసి ఏదో అంది. నర్సు పగలబడి నవ్వుతూ చెప్పింది: "నాకు కొడుకే లేడు, పిల్లా. మొగుణ్ణి నువ్వే వెతుక్కో. అత్తగా మాత్రం నేనుంటా."

పక్క మంచం మీద ముసలాయన కంట్లో చుక్కలు వెయ్యబోతూ కృత్తిక ఆగింది. అటూ ఇటూ చూసి, "తాతా, నేనే" అంది మెల్లగా.

చారులత వినేసింది.

"మనవళ్లుండారా అని అడిగినావా?"