అక్క నొక్కిన లాగౌట్

"నేను లాగౌట్ నొక్కానురా. మరి మీ పేజీ నన్నెందుకు వదల్లేదు?"

అక్క ఈ మాట అడిగినప్పుడు అతను భోజనం చేస్తున్నాడు. తల ఎత్తకుండానే జవాబిచ్చాడు.

"నొక్కి ఉండవక్కా. నొక్కాననుకుని ఉంటావు. ఇలాంటివాళ్ళని రోజూ చూస్తుంటాను."

"దానికి చిన్నప్పటినుంచీ పరధ్యానమే" అని అమ్మ వంత పాడింది. అక్క సగం తిన్న కంచం తీసుకుని లేచిపోయింది.

అతను ఒక పొదుపు సంఘానికి జావా అనే కంప్యూటర్ భాషలో వెబ్‌సైట్ రాసిన ప్రోగ్రామర్. లాగిన్, లాగౌట్, కుకీలు అతని వాటా. కుకీ అంటే, వచ్చిన మనిషిని మళ్ళీ గుర్తుపట్టడానికి సైటు ఆ మనిషి బ్రౌజర్లో దాచుకునే చిన్న చీటీ. కొన్ని చీటీలు బ్రౌజర్ మూయగానే పోతాయి. కొన్నిటికి నెలల ఆయుష్షు పోస్తారు. ఇంగ్లీషులో కుకీ అంటే బిస్కెట్ కూడా. ఆ ఆయుష్షు పోసేవాడు ఇతనే కాబట్టి ఆఫీసులో బిస్కెట్ బాబాయి అనేవారు. "బాబాయ్, ఇవాళ ఎవరికి వేశావు బిస్కెట్?" అని పలకరిస్తే నవ్వేవాడు. ఆ పేరంటే అతనికి కాస్త గర్వం కూడా.

అక్క ఒక కుట్టు దుకాణంలో బట్ట కత్తిరిస్తుంది. అక్కడున్నది ఒకటే కంప్యూటర్, బిల్లులు కొట్టే బల్ల మీద. సొంతంగా చిన్న కొట్టు పెట్టుకోవాలని ఆమె ఆశ. అందుకోసం సంఘంలో అప్పుకు దరఖాస్తు పెట్టి, అది ఎంతవరకు వచ్చిందో మధ్యాహ్నం విరామంలో ఆ కంప్యూటర్లో చూసుకుంది. చూసి, లాగౌట్ నొక్కి, కత్తెర దగ్గరికి వెళ్ళింది. యజమానురాలు కూడా ఆ సంఘంలో సభ్యురాలే. సాయంత్రం ఆమె అదే కంప్యూటర్లో సైటు తెరిస్తే ఎదురుగా అక్క పేరు, పక్క వీధిలో పెట్టబోయే కొట్టు చిరునామా.

"నా దగ్గర నేర్చుకుని నా కస్టమర్లనే ఎత్తుకుపోదామనా? రేపట్నుంచి రాకు" అంది.

అలా ఉద్యోగం పోయి ఇంటికొచ్చిన రోజే అక్క ఆ ప్రశ్న అడిగింది. కంప్యూటర్ వాడేవాళ్ళే జాగ్రత్తగా ఉండాలన్నది ఈ వృత్తిలో పెద్ద సూక్తి. రాసినవాడి మెడకు ఏదీ చుట్టుకోకుండా కాపాడే సూక్తి కాబట్టి అందరికీ ఇష్టం. అతనికీ ఇష్టమే.

అయినా కంచం వదిలి లేచిన అక్క ముఖం అతన్ని వదల్లేదు. మర్నాడు ఆఫీసులో, మామూలు బ్రౌజర్లో, అక్క చేసినట్టే చేశాడు. లాగిన్. లాగౌట్. "మీరు బయటికి వచ్చారు" అని పేజీ మర్యాదగా చెప్పింది. మళ్ళీ సైటు తెరిచాడు. తన ఖాతా తెరుచుకుని కూర్చుంది.

చీటీని తీసేయాలంటే అదే పేరుతో, సున్నా ఆయుష్షుతో ఇంకొకటి పంపాలి. అది పాతదాని చోట కూర్చుని వెంటనే పోతుంది. అయితే పేరొక్కటే కలిస్తే చాలదు, సైట్లో ఆ చీటీ ఏ దారికి చెందిందో అదీ కలవాలి. ఇచ్చేటప్పుడు అతను సభ్యుల విభాగం దారి రాశాడు. తీసేటప్పుడు మరిచాడు. బ్రౌజర్ లెక్కలో అవి రెండు వేరు చీటీలు. చావు కబురు పక్కింటికి వెళ్ళింది, అసలు మనిషి నిక్షేపంగా ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఇది బయటపడకపోవడానికి కారణం, పరీక్షించిన ప్రతిసారీ అతను బ్రౌజర్లో ఏ గుర్తూ మిగల్చని ప్రైవేటు కిటికీ తెరవడం. దాన్ని మూస్తే అన్నీ వాటంతటవే పోతాయి. పైగా "నన్ను గుర్తుంచుకో" గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచింది కూడా అతనే, సభ్యులకు శ్రమ తగ్గుతుందని.

కోడులో ఒక్క వరుస సరిచేశాడు. మార్పుల వివరంలో "చిన్న సవరణ" అని రాశాడు. "శభాష్ బాబాయ్, అడక్కుండానే చేశావు!" అన్నాడు మేనేజరు. అతను ఎప్పటిలాగే నవ్వాడు.

ఆ సాయంత్రం వంటింట్లో అక్క ఒక్కతే ఉండగా చెప్పాడు. "నువ్వు నొక్కావక్కా. తప్పు నాది."

అక్క గిన్నె కడగడం ఆపలేదు. "నొక్కలేదన్నది అమ్మ ముందు కదా. ఇదీ అమ్మ ముందే చెప్పు."

చెప్పడానికి అతనికి చాలా రోజులు పట్టింది. ఈలోగా అమ్మ పలకరించిన వాళ్ళందరికీ "మా పెద్దదాని పరధ్యానం వల్ల పని పోయింది" అని చెప్పుకుంటూనే ఉంది. అతను పక్క గదిలో వింటూనే ఉన్నాడు. అసలు సిగ్గుపడాల్సింది ఆ మరిచిపోయిన దారికి కాదు, ఈ వినడానికి.

చివరికి చెప్పాడు.

"పోనీలేరా, మెషీన్లన్నాక తప్పులు చెయ్యవా?" అంది అమ్మ.

"మెషీన్ కాదమ్మా, నేనే. అక్క సరిగ్గానే నొక్కింది."

అమ్మ అక్క వైపు తిరిగింది. "మరి ఆ రోజే గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్పాను" అంది అక్క.

క్షమించడం గొప్ప గుణమని అంటారు గానీ, అక్క అతన్ని క్షమించిందో లేదో ఎవరికీ తెలియదు. ఆమె ఇప్పుడు ఇంట్లోనే, మంచం పక్కకి జరిపి, నేల మీద బట్ట పరిచి కత్తిరిస్తోంది. ఉద్యోగం లేనివాళ్ళకి ఇవ్వలేమని సంఘం ఆమె దరఖాస్తును తిప్పి పంపింది. ఆమె చివరగా పనిచేసిన నెల జీతం యజమానురాలు ఇంకా ఇవ్వలేదు.